డెల్టా ఊళ్లో వేసవి సేవ: కాలువ కట్టేసిన రోజు నుంచి బడి తెరిచే దాకా

ధవళేశ్వరం దగ్గర కాలువలకు నీళ్లు ఆపేశాక గోదావరి డెల్టా ఊళ్ల తీరే మారిపోతుంది. దాళ్వా (రెండో పంట వరి) కోతలు అయిపోతాయి. బోదెలు (పొలాలకు నీళ్లిచ్చే పిల్లకాలువలు) ఎండిపోతాయి, కాలువ అడుగు బయటపడుతుంది. శివారు ఊళ్లకు మంచినీళ్ల చెరువే దిక్కవుతుంది. సాధారణంగా ఏప్రిల్ రెండో సగంలో కాలువలు కట్టేసి జూన్‌లో మళ్లీ వదులుతారు. బడుల సెలవులూ దాదాపు అవే రోజులు: ఏప్రిల్ ఆఖరి వారం నుంచి జూన్ 12 ప్రాంతం దాకా. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి ఇక్కడ పనులన్నీ కాలువల తేదీలను బట్టే నడుస్తున్నాయి. సెలవుల్లో విద్యార్థులు ఊరికి చేసే సేవ కూడా అలాగే నడవాలి.

సెలవులు ఏడు వారాలు అనిపిస్తాయి కానీ అన్నీ మీ చేతిలో ఉండవు. మేలో ఈఏపీసెట్, ఇంటర్ సప్లిమెంటరీ, పెళ్లిళ్లు, అమ్మమ్మగారి ఊరు. ఇవన్నీ తీసేస్తే నికరంగా నాలుగు వారాలు మిగిలితే గొప్ప. కాబట్టి పని ఎంచుకునేటప్పుడు ఒకటే లెక్క వేసుకోండి: కాలువకు నీళ్లు వచ్చేలోపు ఇది పూర్తవుతుందా? సగంలో ఆగిన పనిని తర్వాత ఎవరూ పట్టించుకోరు. జూన్‌లో మీరు కాలేజీకి పోతారు, రైతులు ఊడ్పులకు దిగుతారు, జూలై, ఆగస్టుల్లో వరద టెన్షన్ మొదలవుతుంది.

ముందు ఊరంతా నడవండి

పని ముందే అనేసుకుని ఊళ్లోకి వెళ్లకండి. రెండు మూడు రోజులు పొద్దున్నే నడవండి. మెయిన్ రోడ్డు, సెంటరు, రామాలయం మీకు తెలిసినవే. కాలువ చివర ఉన్న పేటలు, గట్టు మీద ఇళ్లు, లంకలో (నది మధ్య దిబ్బ మీద) ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లండి. ఊరు ఎలా ఉందో బాగా తెలిసినవాళ్లు నలుగురైదుగురు ఉంటారు: ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు, వాటర్ ట్యాంకు దగ్గర మోటారు వేసే ఆయన, కాలువ మీద నీళ్లు చూసుకునే లస్కరు, కిరాణా కొట్టు ఆవిడ. వాళ్లతో కూర్చుని మాట్లాడండి.

"మీకేం సాయం కావాలి?" అని అడిగితే రోడ్డు, పింఛను, ఇంటి స్థలం అంటారు. అవి మీరు తేలేరు. "మే నెలలో మీకు రోజూ ఇబ్బంది పెట్టేది ఏది?" అని అడిగి చూడండి. బస్సు కోసం ఎండలో గంట నిలబడాలి, ట్యాంకు నీళ్లు వాసన వస్తున్నాయి, మనవడు సెలవుల్లో చదివింది మర్చిపోతున్నాడు, ఫోన్‌లో ఏదో మెసేజ్ వస్తే భయమేస్తోంది. మీ చేతిలో పట్టే పనులు ఇలాంటి జవాబుల్లోంచే వస్తాయి. అన్నీ ఒక నోటుబుక్కులో రాసుకోండి. ఎవరు, ఏ పేటలో, ఏమన్నారు, అంతే చాలు.

వేసవికి పనికిరాని పని ఒకటి ముందే చెబుతాను. మేలో మొక్కలు నాటకండి. ఫొటో బాగుంటుంది, మొక్క వారంలో మాడిపోతుంది. కడియం నర్సరీల వాళ్లను అడగండి, వానలు పడ్డాకే నాటమంటారు. మొక్కల మీద మనసుంటే ఇప్పుడు గోతులు తీసి పెట్టండి, రాలిన వేపపళ్లు ఏరి గుజ్జు కడిగి, గింజలను నీడలో ఆరబెట్టి వెంటనే సంచుల్లో వేయండి. వేప గింజకు మొలకెత్తే శక్తి కొద్ది వారాలే ఉంటుంది, దాచిపెడితే వృథా.

జట్టు

ఆరు నుంచి పదిమంది చాలు. ఇరవై మంది ఉన్న వాట్సాప్ గ్రూపులో పద్దెనిమిది మంది బొటనవేలు గుర్తు పెట్టి ఊరుకుంటారు. ప్రతి పేట నుంచీ ఒక్కరైనా ఉండేలా చూడండి. ఒకే వీధి పిల్లలు, ఒకే పార్టీ ఇంటి పిల్లలు కలిసి మొదలుపెడితే మిగతా ఊరు దాన్ని వాళ్ల పనిగానే చూస్తుంది. అమ్మాయిలు రావాలంటే వేళ, చోటు, ఎవరెవరు ఉంటారు, తిరిగి ఎప్పుడొస్తారు అన్నీ వాళ్ల ఇంట్లో ముందే చెప్పాలి. ఈ మాట జట్టులోని అమ్మాయే వెళ్లి చెబితే తల్లిదండ్రులు తొందరగా ఒప్పుకుంటారు. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్ల ఇంటి నుంచి సంతకంతో ఒక చీటీ తీసుకోండి. ఒక పెద్దమనిషి తోడుండాలి. రిటైరైన మాస్టారు దొరికితే అంతకన్నా మంచివాళ్లు లేరు, వాళ్లకు ఊళ్లో అందరి ఇంటిపేర్లూ తెలుసు.

ఫ్లెక్సీ మాత్రం వేయకండి. ఎవరి ఫొటో పైన, ఎవరి ఫొటో కింద అన్న గొడవతోనే సెలవులు అయిపోతాయి.

అనుమతి

పంచాయతీ కార్యదర్శికి, సర్పంచ్‌గారికి ఒక కాగితం ఇవ్వండి. బడి వరండా వాడుకోవాలంటే హెచ్‌ఎం గారికి, కాలువ గట్టు మీద పనైతే ఇరిగేషన్ ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకు), నీటి సంఘానికి కూడా ఇవ్వాలి. ఉత్తరం పొడుగ్గా అక్కర్లేదు. ఇలా రాయండి:

"గౌరవనీయులైన సర్పంచ్‌గారికి, మేము ఫలానా పేటలకు చెందిన ఎనిమిది మంది విద్యార్థులం. మే 1 నుంచి 28 వరకు, ఉదయం 7 నుంచి 8:30 వరకు, మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల వరండాలో 3, 4, 5 తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు నేర్పాలనుకుంటున్నాం. ఎవరి దగ్గరా డబ్బు తీసుకోము. మాతో ఫలానా మాస్టారు ఉంటారు. అనుమతి ఇవ్వగలరని కోరుతున్నాం."

రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. తర్వాత ఎవరైనా "మిమ్మల్ని ఎవరు రమ్మన్నారు?" అంటే ఆ కాగితమే జవాబు.

ఇంకో సంగతి. మన రాష్ట్రంలో 2019 తర్వాత కొన్నేళ్లు ప్రభుత్వ వాలంటీర్లే ఇంటికొచ్చి పింఛను ఇచ్చారు. మీరు గుమ్మంలో నిలబడి వాలంటీర్లమంటే పెద్దవాళ్లు ఆధార్ కార్డు తెచ్చి చేతిలో పెడతారు. "మేం సచివాలయం నుంచి కాదండీ, ఫలానా వారి అబ్బాయిని, కాలేజీలో చదువుతున్నాను" అని మొదటి మాటలోనే చెప్పండి. ఎవరి ఆధార్ నంబరూ, బ్యాంకు పుస్తకమూ ఫొటో తీయకండి.

పిల్లల చదువు: అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చే పని

నన్నడిగితే నాలుగు వారాల్లో కళ్లకు కనిపించే తేడా వచ్చేది ఇందులోనే. కోనసీమ ఊళ్లలో చాలామంది తల్లులు గల్ఫ్‌లో పని చేస్తున్నారు, పిల్లలు అమ్మమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో ఉంటున్నారు. సెలవుల్లో వాళ్ల చేత పుస్తకం పట్టించేవాళ్లు ఇంట్లో ఉండరు.

మొదటి రోజు పాఠం చెప్పకండి. ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టి నాలుగు కాగితాలు చూపించండి: ఒకదాని మీద విడి అక్షరాలు, ఒకదాని మీద చిన్న మాటలు, ఒకదాని మీద నాలుగు వాక్యాల పేరా, ఒకదాని మీద పది వాక్యాల కథ. ప్రథమ్ సంస్థ అసర్ సర్వేలో పిల్లల చదువును కొలిచేది కూడా ఈ నాలుగు మెట్ల మీదే. ఎక్కడ ఆగిపోతే అదే ఆ పిల్లవాడి మెట్టు. తరగతిని పక్కన పెట్టి, మెట్టును బట్టి గుంపులు చేయండి. అయిదో తరగతి పిల్లవాడు అక్షరాల గుంపులో పడితే సిగ్గుపడతాడు. గుంపులకు గోదావరి పాయల పేర్లు పెట్టండి: గౌతమి, వశిష్ఠ, వైనతేయ, వృద్ధగౌతమి. ఏది పైది, ఏది కిందిది అన్న ప్రశ్నే రాదు.

తెలుగు చదువులో పిల్లలు ఎక్కువగా చతికిలబడేది అక్షరాల దగ్గర కాదు, ఒత్తుల దగ్గర. "అమ", "అమ్మ" తేడా తెలుస్తుంది కానీ "రాష్ట్రం", "వస్త్రం", "సూర్యుడు" వచ్చేసరికి ఆగిపోతారు. గుణింతం పాటలా అప్పజెప్పే పిల్లవాడికి మధ్యలో "కౌ" ఒక్కటే రాసి చూపిస్తే రాదు. కాబట్టి అప్పజెప్పించడం మానేసి, మాటలు చీటీల మీద రాసి కలిపేయండి, ఒక్కో చీటీ తీసి చదవమనండి. రోజుకు ఒక ఒత్తు చాలు. ఆ ఒత్తు ఉన్న మాటలు ఇంటి దగ్గర వెతికి తెమ్మనండి. బస్సు బోర్డు మీద, సిమెంటు బస్తా మీద, పెళ్లి శుభలేఖలో బోలెడు దొరుకుతాయి.

పేరా చదవగలిగిన గుంపుకు కథలు వాళ్ల ఇంట్లోనే ఉన్నాయి. 1986 వరదప్పుడు ఏం జరిగింది, 1996 తుపానులో ఎన్ని కొబ్బరిచెట్లు పడ్డాయి అని నాయనమ్మను అడిగి రమ్మనండి. పిల్లవాడు చెప్పింది మీరు పెద్ద అక్షరాలతో రాయండి. మర్నాడు అదే వాళ్ల పాఠం. తన నాయనమ్మ పేరున్న కాగితాన్ని ఏ పిల్లవాడూ చదవనని అనడు.

లెక్కలకు కొబ్బరి చాలు. వెయ్యి కాయలు పదిహేను వేలైతే కాయ ఎంత? దింపు కూలీ పోతే మిగిలేది ఎంత? అంబాజీపేట మార్కెట్ ధర ఇంట్లో రోజూ వినే పిల్లలకు భాగహారం అలా తొందరగా ఎక్కుతుంది.

వేళ ఉదయం 7 నుంచి 8:30. ఆ తర్వాత ఎండా, ఉక్కపోతా, పిల్లల చూపు క్రికెట్ మీదా. ఒక్కో గుంపులో ఆరుగురు, ఎనిమిదిమంది మించకూడదు. కొబ్బరిచెట్టు కింద కూర్చోబెట్టకండి. కాయో మట్టో ఎప్పుడు పడుతుందో చెట్టుక్కూడా తెలియదు. బడి వరండా, రామాలయం అరుగు, శాఖా గ్రంథాలయం ఇవే మంచి చోట్లు. వేసవిలో గ్రంథాలయాల్లో పిల్లలకు శిబిరాలు పెడుతుంటారు, లైబ్రేరియన్‌ను ముందే కలిస్తే పుస్తకాలూ దొరుకుతాయి.

ఒక నియమం దగ్గర మాత్రం మొహమాటం వద్దు. ఏ వాలంటీరూ ఒక పిల్లతో ఒంటరిగా ఉండకూడదు. ఎప్పుడూ ఇద్దరు, ఎప్పుడూ నలుగురికీ కనిపించే చోటు. పిల్లల ఫొటోలు స్టేటస్‌లో పెట్టకండి. ఎవరైనా పిల్ల ఇంట్లో దెబ్బల గురించో, చిన్నతనంలో పెళ్లి గురించో చెబితే మీరు తీర్పు చెప్పడానికి వెళ్లకండి. తోడున్న మాస్టారికి చెప్పి 1098కి ఫోన్ చేయండి.

ఎండిన కాలువ దగ్గర పని

కాలువ కట్టేసినప్పుడే అడుగున ఏముందో కనిపిస్తుంది: ప్లాస్టిక్ కవర్లు, సీసాలు, పాత చీరలు, దేవుడి పటాలు, గుర్రపుడెక్క. పెద్ద పూడికతీత యంత్రాల పని, అది ఇరిగేషన్ శాఖ చూసుకుంటుంది. మీరు పట్టుకోవాల్సింది మీ ఊరి రేవు, బోదె తూము నోరు, వంతెన కింద చెత్త ఆగే చోటు. ఒక వంద గజాలు చాలు. లస్కరును వెంట తీసుకెళ్లండి. ఎక్కడ గొయ్యి ఉందో, ఎక్కడ గాజు పెంకులు ఉంటాయో ఆయనకే తెలుసు.

చేతికి మందం గ్లవ్స్, కాళ్లకు గమ్‌బూట్లు లేదా కనీసం బూట్లు ఉండాలి. టీటీ ఇంజక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో చూసుకోండి. గుర్రపుడెక్కను చేత్తో పీకకండి, కొక్కెం కట్టిన వెదురు గెడతో గట్టుకు లాగండి. కుప్పలో పాము ఉండొచ్చు, ముందు గెడతో కదిపి చూడాలి. తీసింది గట్టు మీదే వదిలేస్తే జూన్ మొదటి వానకు మళ్లీ కాలువలోకే జారుతుంది. చాలా ఊళ్లలో జరిగేది అదే, ఫొటోలు తీసుకుని వెళ్లిపోతారు. అందుకే మోసుకెళ్లే ట్రాక్టరు సంగతి ముందు తేల్చుకుని అప్పుడు దిగండి. డెక్కను ఎండలో బాగా ఎండనిచ్చి పేడతో పొరలుగా వేస్తే ఎరువవుతుంది, తడిగా పడేస్తే ముక్క నుంచి కూడా మళ్లీ పెరుగుతుంది. ప్లాస్టిక్ తగలబెట్టకండి, పంచాయతీ చెత్త షెడ్డుకు చేర్చండి.

పని పొద్దున 6కి మొదలై 9కి ఆగిపోవాలి.

చలివేంద్రం

లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు వేళకాని వేళ వచ్చినవాళ్లకు కూడా అన్నం పెట్టిన నేల ఇది, కుండ నీళ్లు పెట్టడం ఎవరికీ కొత్తగా నేర్పక్కర్లేదు. తప్పులు జరిగేది శుభ్రం దగ్గర. నీళ్లు ఎక్కడివో తెలిసినవే వాడండి. మంచినీళ్ల చెరువు నుంచి వచ్చే నీరైతే క్లోరిన్ వేసిందో లేదో ట్యాంకు ఆపరేటరును అడగండి. కుండలకు కొళాయి ఉన్నవి కొనండి, గ్లాసు ముంచే పద్ధతి వద్దు. రోజూ సాయంత్రం బోర్లించి కడగాలి. ఇరవై లీటర్ల క్యాను వంద గ్లాసులకు వస్తుంది, దాన్నిబట్టి లెక్క వేసుకోండి. మజ్జిగ పోసే రోజు బజారు ఐసు వేయకండి, అది ఏ నీళ్లతో చేశారో ఎవరికీ తెలియదు. పంటు (నది దాటించే పడవ) రేవు, ఆటో స్టాండు, ఆసుపత్రి గేటు మంచి చోట్లు. సెంటర్లో ఇప్పటికే నాలుగు ఉంటాయి.

ఫోను, రక్తం

పెద్దవాళ్లకు ఫోను నేర్పడం సాయంత్రం అరుగుల మీద చేసే పని. గల్ఫ్‌లో ఉన్న కూతురికి వీడియో కాల్ చేయడం ముందు నేర్పండి, అప్పుడు మిగతావి వింటారు. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని, డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలని ఫోను వెనక కవరు మీద రాసి అంటించండి. ఓటీపీ, పిన్ వాళ్ల వేలితోనే కొట్టాలి, మీరు ముట్టుకోవద్దు.

సెలవుల్లో కాలేజీ శిబిరాలు ఉండవు కాబట్టి వేసవిలో రక్తం కొరత వస్తుంది. పద్దెనిమిదేళ్లు నిండి, 45 కిలోలు పైబడి, హిమోగ్లోబిన్ 12.5 ఉన్నవాళ్లు బ్లడ్ బ్యాంకుకు వెళ్లి ఇవ్వొచ్చు. మగవాళ్లు మూడు నెలలకు, ఆడవాళ్లు నాలుగు నెలలకు ఒకసారి. ఇచ్చిన రోజు కాలువ పనికి రాకండి.

లంక ఊళ్లకు వరద జాబితా

ఇది మే ఆఖరి వారంలో చేసే పని, చాలా ఊళ్లలో ఎవరూ చేయనిది. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. టీవీలో ఆ మాట వింటాం. కానీ మన కాజ్‌వే ఏ హెచ్చరికకు మునుగుతుంది? ఏ ఇంటి అరుగు మీదికి ఎప్పుడు నీళ్లొస్తాయి? పెద్దవాళ్లను అడిగి రాయండి. 1986 ఆగస్టులో, 2022 జూలైలో నీళ్లు ఎంతవరకు వచ్చాయో గోడల మీద రంగుతో గీత పెట్టండి, ఇంటివాళ్లు ఒప్పుకుంటేనే.

తర్వాత ఇంటింటి జాబితా: నడవలేనివాళ్లు, నెలలు నిండబోయేవాళ్లు, డయాలసిస్‌కు వెళ్లేవాళ్లు, పసిపిల్లలు, ఎన్ని గేదెలు, నాటు పడవ ఎవరికుంది, ఫోన్ నంబరు. రెండే కాపీలు చేసి, ఒకటి పంచాయతీ కార్యదర్శికి, ఒకటి ఆశా కార్యకర్తకు ఇవ్వండి. వాట్సాప్‌లో పెట్టకండి, ఒంటరిగా ఉండే ముసలమ్మ ఇల్లు ఏదో ఊరంతటికీ తెలియాల్సిన పని లేదు.

ఎండ, నీళ్లు, పాము

ప్రతి వేసవిలోనూ గోదావరి జిల్లాల్లో కుర్రాళ్లు స్నానానికి దిగి పోతూనే ఉన్నారు. పని అయిపోయాక ఒళ్లంతా చెమట, ఎదురుగా రేవు. అక్కడే ప్రమాదం. జట్టులో ఎవరూ, ఈత వచ్చినవాళ్లు కూడా, నదిలోకి దిగకూడదని మొదటి రోజే ఒప్పుకోండి. ఇసుక తీసిన గోతులు పైకి కనిపించవు. కట్టేసిన కాలువలో కూడా లాకుల కింద, వంతెనల కింద నిలువు లోతు నీళ్లు ఉంటాయి. ఎవరైనా మునుగుతుంటే దూకొద్దు. తాడు, గెడ, మూత బిగించిన ఖాళీ క్యాను విసరండి. ఇరవై లీటర్ల క్యాను ఒకటి, పొడుగు తాడు ఒకటి పని చోట ఎప్పుడూ ఉంచండి.

పదకొండు నుంచి నాలుగు దాకా ఎండలో పని లేదు, రోహిణి కార్తెలో అసలే వద్దు. కళ్లు తిరిగితే నీడ, చల్లటి నీళ్లు, లీటరు నీటికి ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు కలిపిన ద్రావణం. ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే అది వడదెబ్బ: బట్టలు తడిపి, విసురుతూ 108కి ఫోన్ చేయండి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకండి. పాము కరిస్తే గట్టిగా కట్టు కట్టడం, కోయడం, మంత్రం వేయించడం వద్దు. కాలు కదలకుండా పెట్టి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి, విరుగుడు మందు అక్కడే ఉంటుంది.

డబ్బు, చివరి వారం

చందాలు వసూలు చేయకండి. కుండలు, గ్లవ్స్, పెరుగు, చాక్‌పీసులు, ట్రాక్టరు డీజిలు ఇలా వస్తువుగానే అడగండి. ఎవరు ఏమిచ్చారో పంచాయతీ నోటీసు బోర్డు మీద రాసి పెట్టండి. మీ మీద అనుమానం రాకముందే లెక్క కనిపించాలి.

జూన్ మొదటి వారంలో ముగింపు సభ పెట్టే బదులు అప్పగింతలు చేయండి. ఏ పిల్ల మొదట ఏ మెట్టులో ఉంది, ఇప్పుడు ఎక్కడుంది అన్న పట్టిక ప్రధానోపాధ్యాయుడికి. రేవు దగ్గర మళ్లీ చెత్త ఎక్కడ చేరుతుందో లస్కరుకు, వార్డు మెంబరుకు. చలివేంద్రం కుండలు వచ్చే ఏడాదికి ఎవరింట్లో ఉంటాయో రాసి కార్యదర్శికి. కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్‌లో (జాతీయ సేవా పథకంలో) ఉన్నవాళ్లకు రెండేళ్లలో 240 గంటల సేవ లెక్క ఉంటుంది. ఈ పని అందులో కలవాలంటే ప్రోగ్రామ్ ఆఫీసరును మొదలుపెట్టే ముందే అడిగి, తేదీ, గంటలు, పెద్దమనిషి సంతకం రోజూ డైరీలో రాయించుకోవాలి. 15 నుంచి 29 ఏళ్ల వాళ్లు కేంద్ర ప్రభుత్వం యువత కోసం పెట్టిన మై భారత్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవచ్చు. ఈ రెండూ లేనివాళ్లు పంచాయతీ లెటర్‌హెడ్ మీద చేసిన పని, తేదీలు రాయించుకుంటే సరిపోతుంది. కార్యదర్శి బదిలీ కాకముందే రాయించుకోండి.